కింద కొట్టు, పైన కాపురం

సింగపూర్ వెళ్లిన తెలుగువాళ్లు లిటిల్ ఇండియాలో తిరక్కుండా రారు. ఈసారి వెళ్తే కొట్ల మీద మేడల వైపు ఒకసారి తలెత్తి చూడండి. గోడకు గోడ ఆనుకుని వీధి పొడవునా సాగే ఆ పాత వరుసలే షాప్‌హౌస్‌లు.

వాటి ముందున్న నీడబాటకు మూలం 1822లో ఉంది. నగర నిర్మాణం గురించి బ్రిటిష్ అధికారి స్టాంఫర్డ్ రాఫెల్స్ ఇచ్చిన ఆదేశాల్లో ఇదొకటి: ఇటుకతో కట్టి పెంకు వేసే ప్రతి ఇంటి ముందూ వసారా వదలాలి, అది పక్కింటి వసారాతో కలిసి కప్పున్న దారి కావాలి. స్థలం యజమానిది, నడిచే హక్కు ఊరందరిదీ. మండుటెండలోనైనా, ఉన్నట్టుండి ముంచుకొచ్చే వానలోనైనా గొడుగు లేకుండా వీధి చివరిదాకా వెళ్లొచ్చు. ‘ఫైవ్ ఫుట్ వే’ అన్న పేరు స్థిరపడింది గానీ అన్నిచోట్లా వెడల్పు ఐదడుగులే ఉండదు. నన్నడిగితే ఈ ఇళ్ల గొప్పతనమంతా ఈ వసారాలోనే ఉంది.

దాని మీద గొడవలూ జరిగాయి. కొట్లవాళ్లు అక్కడే సరుకులు పరిచేవారు. 1888లో మున్సిపాలిటీ ఖాళీ చేయించబోతే దుకాణాలు మూతపడి, అల్లర్లు చెలరేగాయి. చరిత్రలో వాటి పేరు ‘వరండా అల్లర్లు’.

ఇంటి ముఖం ఇరుకు, లోపలికి మాత్రం చాలా పొడవు. ఎందుకలా? పై అంతస్తు దూలాలను ఒక పక్కగోడ నుంచి రెండో పక్కగోడకు అడ్డంగా వేస్తారు. దూలం ఎంత పొడవు దొరికితే ఇల్లు అంత వెడల్పు. బరువంతా పక్కగోడలదే కాబట్టి మేడ ముందుగోడ నిండా నిలువెత్తు కిటికీలు పెట్టుకోగలిగారు.

మరి నడిమి గదులకు వెలుతురెలా? మన మండువా లోగిలిలా కప్పు మధ్య ఆకాశానికి తెరిచి ఉంచుతారు. వేడిగాలి అటుగా పైకి పోతుంది, వాన ఇంట్లోనే పడుతుంది. చైనీయుల నమ్మకంలో నీరంటే సంపద. అది లోపలికి రావడం వారికి శుభం.

కొన్ని ఇళ్లలో వసారాపై గది నేలలో చిన్న కన్నం, దానికో చెక్క మూత. తలుపు తట్టిందెవరో పైనుంచే చూసుకోవచ్చు!

1900 తర్వాత కట్టినవాటిలో అలంకరణ జోరెక్కింది. యూరప్ తరహా స్తంభాలు, చైనా బొమ్మలు, మలయ్ చెక్క నగిషీ, దిగుమతి చేసుకున్న పూల టైల్స్ అన్నీ ఒకే గోడ మీద కలిశాయి.

1947లో అద్దెల నియంత్రణ చట్టం వచ్చాక రాబడి లేని యజమానులు మరమ్మతులు మానేశారు. చైనాటౌన్‌లో ఒక్కో అంతస్తు చెక్క అడ్డాలతో ఎన్నో ఇరుకు గదులుగా చీలింది. ఈ రోజు మెరిసే రంగుల వెనుక ఆ అవస్థ కూడా ఉందని మరవకూడదు.

1989లో చైనాటౌన్, లిటిల్ ఇండియా వంటి ప్రాంతాలను పరిరక్షణ పరిధిలోకి తెచ్చారు. అక్కడి నియమం నాకెంతో నచ్చింది: వీధికి కనిపించే ముఖం ఒక్కటే దిద్ది లోపలంతా కూల్చేస్తామంటే కుదరదు. పక్కగోడలు, చెక్క అంతస్తులు, కప్పు మధ్యలోని ఖాళీ, ముందు వసారా అన్నీ నిలబెట్టాలి.