వగరు తెలిసిన నాలుక

నాసిక్ దగ్గర ఒక ద్రాక్షతోట. ఫిబ్రవరి, కోతల కాలం. బల్లమీద నా ముందు ఐదు గ్లాసులు వరసగా పెట్టారు. ఒక్కోదాంట్లో రెండు గుటకలకు మించి లేదు. మొదటిది లేత గడ్డిరంగులో ఉంది. “అప్పుడే తాగకండి, వాసన చూడండి” అంది వడ్డిస్తున్న అమ్మాయి. చూశాను. వైన్ వాసనే వచ్చింది, అదే చెప్పాను. ఆమె గ్లాసును బల్లమీదే గుండ్రంగా నాలుగుసార్లు తిప్పి మళ్లీ చేతికిచ్చింది. ఈసారి ముక్కు లోపలిదాకా పెట్టి పీల్చాను. క్యాప్సికంలో కత్తి దిగగానే గుప్పుమనే పచ్చివాసన! వంటింటి మాట ఇక్కడ అనొచ్చా అని తటపటాయించి, చివరికి చెప్పేశాను. “సరిగ్గా అదే” అంది.

ఆ వైన్ సావిన్యాన్ బ్లాంక్ అనే ద్రాక్షతో చేసింది. ఆ ద్రాక్షలోనూ క్యాప్సికంలోనూ మిథాక్సీపైరజీన్లనే ఒకే జాతి పదార్థాలు ఉంటాయి. అంటే నా ముక్కు ఊహించుకున్నది కాదు, ఉన్నదాన్నే పట్టుకుంది. ఈ సంగతి తెలిశాక నాకు వైన్ మీద ఉన్న బెరుకు సగం పోయింది.

మిగతా సగం మన పోపుల పెట్టె పోగొట్టింది. షిరాజ్ వైన్‌లో మిరియాల ఘాటు వస్తుందని తాగేవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. దానికి కారణమైన రోటుండోన్ అనే పదార్థాన్ని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గుర్తించారు. మిరియాల్లో ఉన్నదీ అదే. మస్కట్ ద్రాక్షకు పూలవాసన ఇచ్చే లినాలూల్ మన ధనియాల నూనెలో ప్రధాన భాగం. ఓక్ పీపాల్లో నిలవ ఉంచిన వైన్‌లోకి కర్రనుంచి యూజినాల్ దిగుతుంది, లవంగానికి ఆ వాసన ఇచ్చేది అదే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ఆన్ నోబుల్ 1984లో వైన్ వాసనల చక్రం ఒకటి తయారుచేశారు. ‘గొప్పగా ఉంది’, ‘హుందాగా ఉంది’ లాంటి మాటలు పక్కనబెట్టి, ఫలానా పండులా, ఫలానా దినుసులా ఉందని చెప్పడం నేర్పేందుకే ఆ చక్రం. మనకు ఆ చక్రం వంటింటి అరలోనే ఉంది. కళ్లు మూసుకుని ఒక్కో గిన్నె వాసన చూసి పేరు చెప్పడం వారం రోజులు సాధన చేయండి. తెలిసిన దినుసే అయినా పేరు నోటికి రాక తడుముకోవడం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ముక్కుకు తెలుసు, మాటే అందదు. నేర్చుకోవలసింది ముఖ్యంగా ఇదే.

రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ముక్కు పనే. ముక్కు గట్టిగా పట్టుకుని చిటికెడు జీలకర్ర నమలండి. కాస్త చేదు, గరుకుదనం తప్ప నాలుకకు పెద్దగా ఏమీ తెలియదు. నములుతూనే ముక్కు వదలండి, జీలకర్ర మొత్తం ఒక్కసారి తెలుస్తుంది. నోట్లోని వాసన గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కడంవల్ల అలా జరుగుతుంది. వైన్‌ను నోట్లో కాసేపు తిప్పి, మింగకముందే కొంచెం గాలి లోపలికి పీల్చేదీ అందుకే. దేవుడి నైవేద్యం వండే అమ్మలు ఎంగిలి అవుతుందని రుచి చూడరు. పులిహోర కలుపుతూ వాసన చూసే ఎలా కుదిరిందో చెప్పేస్తారు. వైన్ రుచి చూడటం నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి గురువులు ఉండరని నా నమ్మకం.

ఇక నాలుక సంగతి. ద్రాక్షరసమే కదా, తియ్యగా ఉంటుందనుకుని తొలిసారి తాగినవాళ్లు మొహం చిట్లిస్తారు. రసం పులిసేటప్పుడు ఈస్ట్ చక్కెరను తినేసి ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. ‘డ్రై’ వైన్ అంటే చక్కెర దాదాపు మిగలనిది. తీపి పోయాక పులుపు పైకి తేలుతుంది. రెడ్ వైన్‌లో దానికి తోడు వగరు.

ఈ వగరు దగ్గర మనం కాస్త ఆగాలి. ఉగాది పచ్చడిలో మామిడి పిందె తిన్నవాళ్లకు, జామపిందె కొరికినవాళ్లకు, వక్క నమిలినవాళ్లకు అదేమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. షడ్రుచుల్లో దానికో చోటుంది. పండు తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి. జారుడు పోయి నోరు పీక్కుపోతుంది. నల్లద్రాక్షల్లో చాలావాటి రసానికి రంగుండదు. తొక్కలతో కలిపి పులియబెడితేనే ఎరుపు దిగుతుంది, దాని వెంటే టానినూ దిగుతుంది. వైట్ వైన్‌కు తొక్కలు ముందే తీసేస్తారు కాబట్టి వగరు తక్కువ. ఇంట్లో తెలుసుకోవాలంటే టీపొడిని వేడినీళ్లలో పది నిమిషాలు వదిలేసి, పాలు లేకుండా ఒక గుటక తాగండి. తర్వాత అందులోనే పాలు పోయండి. పాల ప్రొటీన్లు టానిన్లను పట్టుకోగానే వగరు మెత్తబడుతుంది. రెడ్ వైన్‌తో చీజ్ తినేదాంట్లో ఉన్న సూత్రమూ ఇదే.

ముక్కునీ నాలుకనీ కన్ను సులువుగా మోసం చేస్తుంది. ఫ్రాన్స్‌లోని బోర్దోలో 54 మంది వైన్ విద్యార్థులకు ఒక వైట్ వైన్‌నే, వాసనలేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు వాళ్లు. ఫ్రెడరిక్ బ్రోషే బృందం 2001లో ఇది ప్రచురించింది. పేరున్న చీటీ చేసే మోసం ఇంకా పెద్దది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ సీసాల పేర్లు కనిపించకుండా పోటీ పెడితే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే రెడ్‌లోనూ వైట్‌లోనూ కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానం ఇచ్చారు. కాబట్టి ధర చూసి మెచ్చుకోకండి. సీసాకు కాగితం చుట్టి రుచి చూడండి.

రెడ్ వైన్‌ను ‘గది వేడి’లో తాగాలన్న మాట చలిదేశాల గదులను చూసి పుట్టింది, 16 నుంచి 18 డిగ్రీలన్నమాట. మన ఎండాకాలం గదిలో పెట్టిన వైన్‌లో ఆల్కహాల్ మంట తప్ప ఏమీ మిగలదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

రెడ్ వైన్ గుండెకు మంచిదన్న మాట నమ్మి మాత్రం ఎవరూ మొదలుపెట్టవద్దు. మద్యం ఏ మోతాదులోనూ ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. వృత్తిగా రుచి చూసేవాళ్లు నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. నాసిక్ బల్లమీద కూడా అందుకో గిన్నె ఉంది, నేనూ వాడాను.

ఐదో గ్లాసు ఓక్ పీపాలో పెట్టిన షిరాజ్. ముదురు ఊదారంగు. వాసన చూశాను, నోట్లో తిప్పాను. చిగుళ్ల మీద గరుకుగా ఏదో పట్టింది. నాలుకంతా ఊదాగా మారేదాకా తిన్న పండు గుర్తొచ్చింది. చేతిలోని చీటీ మీద తెలుగులోనే రాసుకున్నాను: ‘నేరేడు, లవంగం’. ఏం రాశారని అడిగింది ఆ అమ్మాయి. నేరేడంటే ఆమెకు తెలియలేదు. పండు ఎలా ఉంటుందో, నాలుకను ఏం చేస్తుందో చెప్పాను.

“జాంభూళ్!” అంది మరాఠీలో, గ్లాసు అందుకుని మళ్లీ వాసన చూస్తూ.