శనివారపు కుండ

పిల్లలూ! మీలో ఎందరు దాలి చూశారు? వెనక పల్లెటూరి ఇళ్ళల్లో, పెరటి వసారాలో నేల మీద చిన్న గుంట ఉండేది. అందులో పిడకలు పేర్చి నిప్పు వేసి, పైన పాలకుండ పెట్టేవారు. మంట కనిపించేది కాదు, సన్నగా పొగ మాత్రం వచ్చేది. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికల్లా ఎర్రగా కాగి, మందంగా మీగడ కట్టేవి. మా అమ్మమ్మ ఆ కుండను నా చేత ముట్టుకోనిచ్చేది కాదు. "దాని పని దాన్ని చేసుకోనీరా," అనేది.

ఈ దాలి కుండకు వేలు విడిచిన చుట్టం వంటి కుండ ఒకటి చాలా దూరాన ఉన్నది. అది అమెరికాలోని బోస్టన్ నగరపు కుండ. దానిలో పాలకు బదులు గింజలు ఉడుకుతాయి. వాటిని అక్కడ "బేక్డ్ బీన్స్" అంటారు. మా అమ్మాయి కాపరం ఆ నగరానికి దగ్గరలోనే. నేను ఒక చలికాలం అక్కడ ఉన్నప్పుడు ఆ కుండ గురించి తెలుసుకున్నాను. సుఖంగా తెలుసుకోలేదు, ఒక తప్పు చేసి తెలుసుకున్నాను. ఆ తప్పు సంగతి కూడా మీకు చెబుతాను.

ముందు గింజ సంగతి చూద్దాం. మన పందిళ్ళ మీద కాసే చిక్కుడు వేరు, ఈ బీన్స్ వేరు. రెండూ ఒకే పెద్ద కుటుంబానికి చెందినవే కాని, దాయాదుల వంటివి. మన బజారులో లేత కాయలుగా అమ్మే బీన్స్, కిరాణా కొట్లో దొరికే రాజ్మా, బోస్టన్ కుండలోని చిన్న తెల్లగింజలు— ఈ మూడూ మాత్రం ఒకే జాతి మొక్కవి! ఆ జాతి పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబస్ 1492లో సముద్రం దాటి వెళ్ళిన తరవాతనే అది తక్కిన ప్రపంచానికి వచ్చింది.

యూరపువాళ్ళు రాక మునుపే అక్కడి ఆదివాసులు ఈ గింజలను ఒక చమత్కారమైన పద్ధతిలో పండించేవారు. మొక్కజొన్న, బీన్స్, గుమ్మడి మూడూ ఒకే మడిలో వేసేవారు. మొక్కజొన్న నిటారుగా పెరిగి బీన్స్ తీగకు గుంజ అవుతుంది. బీన్స్ వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి, మొక్కకు పనికివచ్చే ఎరువుగా మారుస్తాయి. గుమ్మడి ఆకులు నేలను కప్పి, తడి ఆరకుండా, కలుపు లేవకుండా చేస్తాయి. ఆ రైతులు ఈ మూడింటినీ "ముగ్గురు అక్కచెల్లెళ్ళు" అన్నారు. కలిసి ఉంటే ఒకరికొకరు ఎట్లా సాయపడవచ్చునో ఆ మడిని చూస్తే తెలుస్తుంది.

బోస్టన్ నగరం 1630లో వెలసింది. దాన్ని కట్టినవారు ఇంగ్లండు నుంచి వచ్చిన ప్యూరిటన్లు. వారికి ఆదివారం దేవుడి రోజు. ఆ నియమం శనివారం పొద్దు కుంకటంతోనే మొదలయ్యేది. ఆ తరవాత పొయ్యి పని కూడా చెయ్యకూడదు. మరి భోజనం ఎట్లా? అందుచేత ఆడవాళ్ళు శనివారం పొద్దునే గింజల కుండను ఇటుక పొయ్యిలో పెట్టేవారు. సాయంత్రం దానితో భోజనం చేసేవారు. మిగిలిన కుండ పొయ్యి లోపలి వెచ్చదనానికి తెల్లవార్లూ వేడిగానే ఉండేది. ఆదివారం పొద్దున మళ్ళీ అదే తినేవారు. ఆ నియమాలు సడలిపోయినా శనివారపు కుండ మాత్రం నిలిచిపోయింది. మసాచుసెట్స్ రాష్ట్రం 1993లో ఈ తెల్లగింజను తమ అధికారిక గింజగా ప్రకటించుకున్నది కూడా!

ఇక నా తప్పు. నేను ముప్ఫై ఏళ్ళ పైచిలుకు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. వంట పుస్తకం చూడటం నామోషీ అనుకున్నాను. ఒక శుక్రవారం రాత్రి మా అమ్మాయి ఇంట్లో ఉన్న ఎర్ర రాజ్మా నానబోశాను. గింజ ఏదైతేనేం అనుకున్నాను. మరునాడు పొద్దున ఆ గింజలను, తీపి పాకాన్ని, ఉప్పును, టొమాటో రసాన్ని అన్నిటినీ ఒక్కసారే, నెమ్మదిగా వండే కరెంటు కుండలో పోసి మీట నొక్కాను. ఇల్లంతా కమ్మని వాసన. సాయంత్రం మూత తీసి చూస్తే పాకం బ్రహ్మాండంగా ఉన్నది. గింజ మాత్రం పలుకుగా ఉన్నది.

"తాతయ్యా, ఉడకలేదేమో!" అన్నది మా మనవరాలు. దానికి తొమ్మిదేళ్ళు.

"కొంచెం పలుకుగా ఉంటేనే రుచి, తిను," అన్నాను నేను. మాస్టారినిగా! నా మాట నెగ్గాలని నాలుగు చెంచాలు నేను తిన్నాను. నన్ను చూసి పాపం అదీ రెండు చెంచాలు తిన్నది.

రెండు గంటలు గడిచేసరికి ఇద్దరికీ కడుపులో తిప్పింది. నేను ఎట్లాగో తట్టుకున్నాను. ఆ పసిది మూడుసార్లు వాంతి చేసుకుని, మొహం పాలిపోయి వాళ్ళమ్మ ఒళ్ళో పడుకున్నది. మా అమ్మాయి డాక్టరుకు ఫోను చేసి, ఆయన చెప్పినట్టు కొంచెం కొంచెం నీళ్ళు పట్టించింది. నాలుగు గంటల్లో అది తేరుకుని నిద్రపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పసిపిల్ల కంటికి కనిపించిన నిజం నాకు కనిపించలేదు. కనిపించినా ఒప్పుకోబుద్ధి కాలేదు.

కారణం ఏమిటో తరవాత చదివి తెలుసుకున్నాను. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉన్నది. ఎర్రగింజలో అది మరీ ఎక్కువ, తెల్లగింజలో తక్కువ. తనను తినవచ్చే జీవుల నుంచి గింజ తన్ను తాను కాపాడుకునే ఉపాయాలలో ఇదొకటి. నీళ్ళు తెర్లుతూ 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉడికిస్తే ఆ విషం విరిగిపోతుంది. కాని నెమ్మది కుండలో ఒక్కొక్కప్పుడు వేడి 75, 80 డిగ్రీలు దాటదు. ఆ వేడికి వంట అయినట్టే కనిపిస్తుంది, విషం మాత్రం చావదు. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, వాంతులు పట్టుకుంటాయి.

మరి గింజ మెత్తబడలేదేం? దానికి జవాబు మన వంటింట్లోనే ఉన్నది. మీ అమ్మ పప్పు బాగా ఉడికిన తరవాతనే చింతపండు పులుసు పోస్తుంది. ఎందుకో ఎప్పుడైనా అడిగారా? గింజలోని కణాలు పెక్టిన్ అనే జిగురుతో అతుక్కుని ఉంటాయి. ఆ జిగురు కరిగితేనే గింజ మెత్తబడుతుంది. పులుపు ఆ జిగురును తొందరగా కరగనివ్వదు. తీపి పాకంలోని చక్కెర, కాల్షియం కూడా అదే పని చేస్తాయి. నేను మొదటనే టొమాటో రసమూ పాకమూ పోసి గింజ తలుపులకు గడియ వేశానన్నమాట!

ఈ సంగతి విని పక్కింటి ముసలావిడ మరుసటి శుక్రవారం తన కుండ తెచ్చి ఇచ్చింది. బొజ్జ పెద్దది, మూతి ఇరుకు. మూతి ఇరుకైతే ఆవిరి తక్కువ పోతుంది. మట్టి గోడ వేడిని నెమ్మదిగా పుచ్చుకుని నెమ్మదిగా వదులుతుంది. ఈసారి వంట పెత్తనం మనవరాలికి అప్పగించి, నేను దాని శిష్యుణ్ణయ్యాను. మేము చేసిన పద్ధతి ఇది. పొయ్యి పని గనక పెద్దవాళ్ళు దగ్గర లేకుండా మీరు చెయ్యకండి.

శుక్రవారం రాత్రి అరకిలో చిన్న తెల్లగింజలు ఏరి, కడిగి, చాలా నీళ్ళల్లో నానబెట్టాం. తెల్లవారేసరికి అవి రెట్టింపు బరువు తూగాయి. ఆ నీళ్ళు పారబోశాం. గింజల్లో మన కడుపు అరిగించుకోలేని చక్కెరలు కొన్ని ఉంటాయి. వాటిని పేగుల్లోని సూక్ష్మజీవులు తిని వాయువు పుట్టిస్తాయి. నానిన నీళ్ళతో ఆ చక్కెరలు కొంత పోతాయి. (మీ తరగతిలో పక్కవాడు కూడా మిమ్మల్ని మెచ్చుకుంటాడు!)

తరవాత కొత్త నీళ్ళు పోసి, అరగంట సేపు కుతకుతమని తెర్లించాం. ఈ అరగంట మాత్రం ఎవరూ తగ్గించకూడదు. ఆపైన సెగ తగ్గించి ఉడకనిచ్చాం. చాలునా అని తెలుసుకోవటానికి చక్కని పరీక్ష ఉన్నది. నాలుగు గింజలు చెంచాలోకి తీసి ఉఫ్ మని ఊదాలి. తోలు చిట్లి పైకి లేచిందా, గింజ సిద్ధం. మనవరాలు ఊదింది, తోళ్ళు పూరేకుల్లాగా విచ్చుకున్నాయి. నాకంటే అదే ఎక్కువ గంతులు వేసింది.

ఈ పరీక్షను 1896లో అచ్చయిన బోస్టన్ వంట పాఠశాల పుస్తకంలో చెప్పిన ఆవిడ పేరు ఫానీ ఫార్మర్. ఆవిడకు చిన్నతనంలోనే పక్షవాతం వచ్చి చదువు ఆగిపోయింది. అయినా ఆమె అధైర్యపడక, ముప్ఫై ఏళ్ళ ప్రాంతాన ఆ పాఠశాలలో చేరి, చివరకు దానికే ప్రధానోపాధ్యాయిని అయింది. చెంచాకు, గిన్నెకు తలగొట్టి కొలవాలని, "చిటికెడు, గుప్పెడు" లెక్క పనికిరాదని అందరికీ నేర్పింది.

ఇక కుండ అడుగున ఒలిచిన ఉల్లిపాయ ఒకటి పెట్టి, గింజలు పోశాం. నాలుగు పెద్ద చెంచాల మొలాసిస్, రెండు చెంచాల బెల్లం పొడి, ఒక చిన్న చెంచా ఆవపిండి, ఒకటిన్నర చిన్న చెంచా ఉప్పు గింజలు ఉడికిన వేడినీళ్ళలో కలిపి, గింజలు మునిగేదాకా పోశాం. అక్కడివారు ఉప్పుపెట్టిన పంది మాంసం వేస్తారు. మేము దానికి బదులు రెండు చెంచాల వెన్న వేశాం. మూత పెట్టి 140 డిగ్రీల పొయ్యి పెట్టెలో ఏడు గంటలు ఉంచాం. గంటన్నరకు ఒకసారి చూసి, నీరు తగ్గితే వేడినీళ్ళు పోశాం. చివరి గంట మూత తీసేశాం.

పొయ్యిలో 140 డిగ్రీల వేడి ఉంటే గింజలు మాడవా? మాడవు. కుండలో నీరున్నంత సేపు ఆ వేడి నీటిని ఆవిరి చెయ్యటానికే పోతుంది. లోపల 100 డిగ్రీలు దాటదు. చివర మూత తీసినప్పుడు పైపొర ఆరి, మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి ఎర్రబారతాయి. దాలిలో పాలు ఎర్రబడేదీ ఇందుకే.

మొలాసిస్ అంటే చెరకు రసం నుంచి పంచదార తీసిన తరవాత మిగిలే నల్లని మడ్డిపాకం. ఆ తీపి వెనక చేదు కథ ఉన్నది. పూర్వం అది బోస్టనుకు కరీబియన్ దీవుల నుంచి వచ్చేది. అక్కడి చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి బలవంతంగా పట్టుకొచ్చిన మనుషులు బానిసలుగా చాకిరీ చేసి చచ్చేవారు. బ్రిటిష్ ప్రభుత్వం 1733లోనూ, 1764లోనూ మొలాసిస్ మీద వేసిన పన్నులు అమెరికా వలసల వారి కోపానికి ఒక కారణమయ్యాయి. మరొక కథ: 1919 జనవరి 15న బోస్టన్‌లో యాభై అడుగుల ఎత్తున్న మొలాసిస్ ట్యాంకు పగిలి, దాదాపు 87 లక్షల లీటర్ల పాకం వీధుల మీద విరుచుకుపడింది. 21 మంది చనిపోయారు, సుమారు 150 మంది గాయపడ్డారు. ఆ ట్యాంకు కారుతున్నదని చుట్టుపక్కల వాళ్ళకు ముందే తెలుసు. బాధ్యత గలవారు మాత్రం ఆ మాట చెవిని పెట్టలేదు.

ఇది చదివినప్పుడు, "తాతయ్యా, ఉడకలేదేమో," అన్న మాట మళ్ళీ నా చెవిలో వినిపించింది.

ఆ శనివారం సాయంత్రం కుండ బయటికి తీశాం. గింజలన్నీ రాగిరంగులో, విరగకుండా, వెన్నలా మెత్తగా ఉన్నాయి. మా మనవరాలు ఒక గింజ తీసి నా చేతిలో పెట్టింది. "ముందు నొక్కి చూడు తాతయ్యా, తరవాత తిను," అన్నది. నేను నొక్కి చూసి, దాని అనుమతి తీసుకునే తిన్నాను.

మీరు చెయ్యదగ్గ ప్రయోగం: రెండు గిన్నెల్లో సమంగా నానిన బొబ్బర్లు వెయ్యండి. ఒకదానిలో మామూలు నీళ్ళు, రెండవదానిలో చింతపండు పులుసు పోసి, అమ్మ దగ్గరుండగా ఒకే సెగ మీద ఉడికించండి. పావుగంటకు ఒకసారి ఒక్కొక్క గింజ తీసి, చల్లారిన తరవాత వేళ్ళతో నొక్కి చూడండి. ఏది ముందు మెత్తబడిందో నోటుపుస్తకంలో రాసుకోండి. పెద్దవాళ్ళు చెప్పినదానికీ, మీ వేళ్ళు చెప్పినదానికీ తేడా వస్తే, మర్యాదగా, కాని గట్టిగానే ఆ మాట చెప్పండి.