ధ్రువజ్యోతి: ఒక చిత్రకారుని సాక్ష్యం

క్షణకాలమైనా ఒక రూపమున నిలువని వస్తువును యథాతథంగా చిత్రించడం సాధ్యమా? చూచినదానికీ చెప్పినదానికీ నడుమ వ్యవధి ఏర్పడినప్పుడు సత్యాన్ని కాపాడేది ఏది? ఈ ప్రశ్న చిత్రకళకు మాత్రమే చెందినది కాదు; అనుభవాన్ని అక్షరబద్ధం చేసే ప్రతి రచయితకూ చెందినది. డెన్మార్కు చిత్రకారుడు హెరాల్డ్ మోల్ట్కె ఎదుట ఇది 1899లో ఒక కర్తవ్యంగా నిలిచింది.

ఆ యేడు డెన్మార్కు వాతావరణ పరిశోధన సంస్థ అధ్యక్షుడు ఆడమ్ పౌల్సెన్ ఉత్తరధ్రువజ్యోతిని పరిశీలించడానికి ఐస్‌లాండు ఉత్తరతీరమందలి ఆక్యురేరికి ఒక బృందాన్ని తీసుకొని వెళ్ళాడు. భూమి అయస్కాంతశక్తిలోని మార్పులను కొలిచే పరికరాలు అప్పటికే ఉన్నవి. కాని జ్యోతి యొక్క రూపాన్ని, వర్ణాన్ని పట్టి ఉంచగల పరికరం లేదు. నార్వేలోని బోసెకోప్‌లో 1892లో మార్టిన్ బ్రెండెల్ ధ్రువజ్యోతికి ఛాయాచిత్రం తీసిన మాట నిజమే. అయితే ఆనాటి ఫలకాలకు రంగు తెలియదు, వేగంగా కదిలే కాంతి వాటిపై అలుక్కుపోయేది. కాబట్టి పౌల్సెన్ ఒక చిత్రకారుని వెంట తీసుకొని వెళ్ళాడు. మోల్ట్కె అక్కడికి పోయినది విహారానికి కాదు, సాక్షిగా. మరుసటి శీతకాలం, 1900-01లో, బృందం ఫిన్లాండు ఉత్తరపు కొసనున్న ఊట్స్‌యోకికి వెళ్ళినప్పుడు కూడా అతడు వెంట ఉన్నాడు.

సూర్యుని నుండి వెలువడే విద్యుత్కణాలు భూమి అయస్కాంతక్షేత్రపు ప్రభావానికి లోనై, ధ్రువప్రాంతాలలో నేలకు సుమారు వంద కిలోమీటర్లు, అంతకు మించిన ఎత్తున పలుచని వాయువును తాకుతవి. ఆ తాకిడికి ప్రాణవాయువు ఆకుపచ్చగా, మరింత ఎత్తున ఎర్రగా వెలుగుతుంది. నత్రజని నీలారుణచ్ఛాయలను ఇస్తుంది. చాపంవలె ప్రశాంతంగా నిలిచిన కాంతి చూస్తూండగానే కిరణాలుగా చీలి, గాలికి ఊగే తెరవలె మడతలు పడుతుంది.

దీనిని చిత్రించడంలోని కష్టం చలి ఒక్కటే కాదు. దీపం వెలిగిస్తే చీకటికి అలవాటుపడిన కన్ను మసకబారుతుంది; వెలిగించకుంటే ఏ రంగు ఏదో తెలియదు. అందువల్ల మోల్ట్కె రాత్రివేళ ఆరుబయట పెన్సిలుతో రేఖలను మాత్రం గీసుకొని, పగటి వెలుగులో వాటికి రంగులు వేసేవాడు. సుద్దరంగులు, నీటిరంగులు ప్రయత్నించి, ఆ కాంతిలోని లోతుకూ పారదర్శకతకూ తైలవర్ణాలే తగినవని నిర్ణయించుకొన్నాడు. నడిశీతకాలంలో ఆక్యురేరిలో పగలు మూడు గంటలు. ఊట్స్‌యోకిలో నవంబరు చివరి నుండి జనవరి నడిమి వరకు సూర్యోదయమే లేదు. రాత్రి గీసిన రేఖకూ మరునాటి రంగుకూ నడుమ ఉన్న ఆధారం జ్ఞాపకమొక్కటే. జ్ఞాపకం సహజంగా అలంకారప్రియమైనది. దానిని అదుపులో ఉంచడమే అతని అసలు శ్రమ.

దీనికి భిన్నమైన మార్గం అమెరికా చిత్రకారుడు ఫ్రెడరిక్ చర్చ్‌ది. అతడు 1865లో చిత్రించిన ధ్రువజ్యోతికి ఆధారం అన్వేషకుడు ఐజక్ హేస్ తెచ్చిన రేఖాచిత్రం. మంచులో చిక్కిన ఓడ, దానిపై మండే ఆకాశం కలిసి అదొక మహాదృశ్యమయింది. దాని గొప్పతనం కాదనరానిది. కాని దానిలో ప్రధానమైనది కల్పన. మోల్ట్కె పటాలలో ప్రధానమైనది పరిశీలన.

1909-10 శీతకాలం నుండి కార్ల్ స్టోర్మర్ వందల కొలది ఛాయాచిత్రాలు తీసి, జ్యోతి ఎత్తును లెక్కకట్టగలిగాడు. అంతటితో మోల్ట్కె చిత్రాల ప్రయోజనం ముగిసిందా? ముగియలేదు. నేటి కెమేరా కొన్ని క్షణాలపాటు వెలుగును కూడబెట్టి, కంటికి తెల్లని మబ్బువలె కనిపించే మందకాంతిని కూడ చిక్కని పచ్చగా చూపగలదు. అది అసత్యం కాదు, కాని మనిషి చూచినది అది కాదు. మానవనేత్రానికి ఆ రాత్రులు ఎట్లా కనిపించినవో చెప్పే సాక్ష్యం ఆ తైలవర్ణచిత్రాలలో ఉన్నది.

1902లో మోల్ట్కె మరొక యాత్రకు బయలుదేరాడు. మిలియుస్-ఎరిక్సెన్ నాయకత్వాన, క్నూడ్ రాస్ముసెన్ సహచరుడుగా, గ్రీన్లాండు ప్రజల జీవితాన్నీ వారి నోటి కథలనూ సేకరించడానికి సాగిన ఆ యాత్రకు సాహిత్యయాత్ర అని పేరు. ఒకరు చెప్పిన కథను మరొక భాషలో వ్రాసుకొనేవానికీ, రాత్రి చూచిన కాంతిని పగలు రంగులలో నిలిపేవానికీ బాధ్యత ఒక్కటే: తనకు తోచిన సొగసును చేర్చకుండా, మూలంలోని వెలుగును తగ్గించకుండా అందించడం. భాషాంతరీకరణకు పూనుకొన్న ప్రతి రచయితకూ ఈ బాధ్యత పరిచితమే.