బాలబోధయందు కథ, చిత్రము, ప్రశ్న

విష్ణుశర్మ రాజపుత్రులకు నీతిసూత్రములను వల్లింపఁజేయక కథలు చెప్పి బోధించెనని ప్రసిద్ధి. పరవస్తు చిన్నయసూరి యాకథలలో మిత్రలాభ మిత్రభేదములను 1853లో నీతిచంద్రికగా వెలయించెను. పండితులు దానిని భాషాసౌష్ఠవమునకై చదువుదురు గాని, యందలి బోధనాక్రమమును విచారించువారు అరుదు.

2020 నాటి జాతీయ విద్యావిధానము కళలను, కథాకథనమును పాఠములతోఁ గలుపవలయునని చెప్పినది. అయినను కథ యొక గంటయందు, బొమ్మ వేఱొక గంటయందు, ప్రశ్న పరీక్షయందు నిలిచినచోఁ గలిపినట్లు కాదు. ఈ మూఁడును ఒక్క పాఠమున నెట్లు కలియునో తిరువూరు ప్రాంతపు ఒకటవ, రెండవ తరగతుల బడికిఁ దగిన యుదాహరణముతోఁ జూపవచ్చును.

చిత్రగ్రీవుని కథను గైకొందురు గాక. నూకల కాశించి పావురములు వలలోఁ జిక్కినవి. ఉపాధ్యాయుఁడు ఇచటనే కథ నాపి, "ఇప్పు డేమి చేయవలెను?" అని యడుగవలయును. బాలురు తమకుఁ దోఁచిన యుపాయమును పలకపై బొమ్మగా గీయుదురు. ఒకని బొమ్మలో పక్షులు తలకొక దిక్కునకు ఎగురవచ్చును. వేఱొకని బొమ్మలో అన్నియు పైకే ఎగురవచ్చును. ఏది ఫలించును? నలుగురు బాలురు ఒక తువాలు కొనలను పట్టి మొదట నాలుగు దిక్కులకు, పిదప ఒకే దిక్కునకు లాగి చూతురు. అప్పుడు ఐకమత్యము వినిన నీతి గాక కనిన సత్య మగును.

కథయందే మఱియొక ప్రశ్న కలదు. హిరణ్యకుఁడు ముందుగాఁ దన బంధములు కొఱుకఁబూనఁగా, చిత్రగ్రీవుఁడు తనవారి బంధములనే మొదటఁ గొఱుకు మనెను. ఏల? ఇందులకు ఉపాధ్యాయుఁడు తొందరపడి యుత్తర మీయరాదు. నీతిని ముందే చెప్పిన కథలో బాలుని ప్రశ్నకుఁ జోటు లేదు.

కళ పలకతో ముగియదు. తిరువూరును కొండపల్లియు 2022లో నేర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలోనివి, అంతకుముందు రెండును కృష్ణాజిల్లాలోనివే. కొండపల్లి బొమ్మ నొకదానిని బాలుని చేతి కిచ్చినచో, అది యింత తేలికగా నేల యున్నదని యతఁడే యడుగును. అది పొణికి కఱ్ఱతోఁ జేయఁబడినది. అంతే పరిమాణము గల చింతకఱ్ఱతోఁ బోల్చి చూచిన భేదము తెలియును. దాని యవయవములను అతుకు మక్కు చింతగింజల పిండితోను రంపపుపొట్టుతోను జేయుదురు. ఇట్లు ఊరి చెట్టే పాఠ్యాంశ మగును.

ఇందువలన అక్షరాభ్యాసము కుంటువడునని శంక కలుగవచ్చును. బొమ్మ క్రింద "వల", "ఎలుక", "పావురము" అని బాలుఁడు తానై వ్రాయఁగోరును. అర్థ మెఱిఁగిన యక్షరము మఱపునకు రాదు. పద్యధారణమునకును ఇది విరోధి కాదు. అసలు భయము వేఱొకటి: నల్లబల్లపై బొమ్మను జూచి గీచినది లేఖనమే గాని కళ గాదు, ఉపాధ్యాయుని మనస్సులోని యుత్తరమునే రాఁబట్టు ప్రశ్న పరీక్షయే గాని విచారణము గాదు.

సూరి వాక్యము పండితునకు, కథ బాలునకు. వాక్యమును తాను జీర్ణించుకొని, కథను బాలుని పలుకుబడిలోఁ జెప్పి, ప్రశ్నను బాలునకే విడుచువాఁడు విష్ణుశర్మ మార్గమున నడచిన వాఁడు.