పడుకునే ముందు గ్యాస్ కట్టేశారా?

రంజాన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళలో అందరికంటే ముందు మేల్కొనేది వంటగదే. సహ్రీకి లేవండని మసీదు మైకులో పిలుపు రాకముందే గ్యాస్ పొయ్యి వెలుగుతుంది. ఒక బర్నర్ మీద అన్నం ఉడుకుతుంటే, రెండోదాని మీద రాత్రి మిగిలిన ఖీమా వేడవుతూ ఉంటుంది. కళ్ళలో నిద్ర ఇంకా వదలదు. చేతులు మాత్రం అలవాటు కొద్దీ పని చేసుకుపోతాయి. మంచి అలవాటైతే ఇల్లంతటినీ కాపాడుతుంది. చెడ్డ అలవాటైతే ఒక్క క్షణం చాలు. ఈ వారం ఆ విషయమే పాఠకులతో ముచ్చటించదలిచాము.

మొదట మా ఇంటి సంగతే చెప్పుకోవాలి. అది 2019 రంజాన్. మే నెల ఎండలు. తరావీహ్ ముగించుకొని మేము ఇల్లు చేరేసరికి అందరూ పడుకున్నారు. ఉక్కకు పాలు విరిగిపోతాయేమోనని గిన్నె పొయ్యి మీద పెట్టి, మంట సన్నగా చేసి, కుర్చీలో కూర్చున్నాము. కునుకు పట్టింది. కాసేపటికి మెలకువ వచ్చి, పాల సంగతి మరచి, వెళ్ళి మంచం మీద వాలిపోయాము. పాలు పొంగాయి, మంట ఆరిపోయింది. గ్యాస్ మాత్రం ఆగలేదు. పిల్లి దూరుతుందని వంటగది కిటికీ ఆ రాత్రి మూసే ఉంది.

సహ్రీకి మొదట లేచింది మా అమ్మీ. వంటగది గడప దగ్గరే ఆమెకు వాసన తగిలింది. స్విచ్ వైపు వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకొని మమ్మల్ని కేకేశారు. పరుగెత్తుకొచ్చిన మేము మొదట చేయబోయిన పని లైటు వేయడం! “లైటు ముట్టకు బేటా, పెరటి తలుపు తీయి” అని ఆమె గద్దించకపోతే ఏమయ్యేదో అల్లాహ్‌కే ఎరుక. చీకట్లో తడుముకుంటూ తలుపు తీశాము. “ఇప్పుడు రెగ్యులేటర్ కట్టెయ్యి” అన్నారు. దాని మీద చేయి వేశామేగాని, ఎటు తిప్పాలో తెలియలేదు. ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠాలు చెబుతున్న మాకు సొంత ఇంటి వంటగదిలో ఆ చిన్న మర తిప్పడం రాలేదు. చివరికి డెబ్భై దాటిన అమ్మీయే వంగి దాన్ని కట్టేశారు. ఆ ఉదయం సహ్రీలో ముద్ద మా గొంతు దిగలేదు.

తప్పు పొయ్యిది కాదు, పాలదీ కాదు. నిప్పు పెట్టినవారు నిద్రపోవడం ఒక తప్పు. దాన్ని ఆపడం ఇంట్లో ఒకరిద్దరికే తెలిసి ఉండటం రెండో తప్పు.

బండలో ఉన్నదేమిటి?

ఇళ్ళకు వచ్చే పెద్ద బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువులను ఒత్తిడితో ద్రవంగా మార్చి అందులో నింపుతారు. ఆ ద్రవం బయటపడి వాయువైతే సుమారు 250 రెట్లు వ్యాపిస్తుంది. ఈ గ్యాస్‌కు సొంత వాసన దాదాపు ఉండదు. కారితే తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. మన ముక్కుకు తగిలేది అదే.

గుర్తుంచుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. ఇది గాలి కంటే బరువైనది. పొగలాగా పైకి పోదు, నీళ్ళలాగా కిందికి దిగి నేల మీద, గట్టు కింద, మూలల్లో నిలుస్తుంది. పైన వెంటిలేటర్ ఉంది కదా అని ధీమా పడరాదు. గాలిలో సుమారు రెండు నుంచి తొమ్మిది శాతం దాకా గ్యాస్ కలిసి ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. స్విచ్ వేసినా, తీసినా లోపల రవ్వ పుడుతుంది. అందుకే వాసన వచ్చినప్పుడు వెలిగే లైటును ఆర్పకూడదు, ఆరిన లైటును వేయకూడదు.

ముక్కును కూడా పూర్తిగా నమ్మరాదు. జలుబు చేసినవారికి, వయసు మళ్ళినవారికి వాసన సరిగా తెలియదు. ఆ గదిలోనే చాలాసేపు ఉన్నవారికి వాసన అలవాటైపోతుంది. బయటి నుంచి వచ్చినవారు “గ్యాస్ వాసన వస్తోంది” అంటే, “మాకేం రావడం లేదే” అని కొట్టిపారేయకండి.

రాత్రి నియమం

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు మనుషులతో సహా కాలిపోయింది. ఆ సంగతి విన్న దైవప్రవక్త (స), నిప్పు మీకు శత్రువని, పడుకునేటప్పుడు దాన్ని ఆర్పివేయమని హెచ్చరించినట్లు హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) ఉల్లేఖించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన మరో హదీసులో రాత్రివేళ దీపాలు ఆర్పమనే ఆదేశానికి కారణం కూడా ఉంది. ఎలుక వత్తిని ఈడ్చుకుపోయి ఇంటివారిని కాల్చివేయవచ్చు.

ఈనాడు మన ఇళ్ళలో వత్తి దీపాలు లేవు. కాని ఎలుక ఉంది, అది కొరికే గ్యాస్ ట్యూబ్ ఉంది. పొయ్యి మర కట్టేసినంత మాత్రాన ట్యూబ్‌లో గ్యాస్ ఆగదు. రాత్రి ట్యూబ్‌కు చిల్లు పడితే తెల్లవార్లూ కారుతూనే ఉంటుంది. కనుక పడుకునే ముందు బండ దగ్గర రెగ్యులేటర్ కట్టేయడమే ఈ కాలంలో దీపం ఆర్పడం.

దానికీ ఒక క్రమం ఉంది. వంట పూర్తికాగానే ముందు రెగ్యులేటర్ కట్టేయండి. ట్యూబ్‌లో మిగిలినది మండి మంట దానంతటదే ఆరుతుంది. ఆ తర్వాత పొయ్యి మర కట్టేయండి. ఇషా నమాజుకు వుజూ ఎంత అలవాటో ఇదీ అంత అలవాటు కావాలి. ఊరికి వెళ్ళేటప్పుడు తాళం వేసే ముందూ ఇదే పని.

ట్యూబ్, బండ

ట్యూబ్ ఐఎస్‌ఐ ముద్ర ఉన్నదే వాడాలి. లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్షా ట్యూబ్ మంచిది. అది ఒకటిన్నర మీటరు మించరాదు. దాని మీదే తేదీ ముద్రించి ఉంటుంది. అయిదేళ్ళకు ఒకసారి, పగుళ్ళు కనిపిస్తే ఇంకా ముందే మార్చాలి. అందంగా ఉంటుందని కొందరు దానికి గుడ్డ కవరు తొడుగుతారు. అలా చేస్తే పగులు కంటికి కనబడదు. ట్యూబ్ పొయ్యి వెనక వేడికి తగిలేలా పోకూడదు, ఎక్కడా మెలిపడకూడదు.

బండ ఎప్పుడూ నిటారుగా నిలబడాలి. నిలబడిన బండలో ద్రవం అడుగున, వాయువు పైన ఉంటాయి. పొయ్యికి పోవలసింది పైనున్న వాయువు. గ్యాస్ అయిపోవస్తోందని బండను పడుకోబెట్టి వాడితే ద్రవమే ట్యూబ్‌లోకి వచ్చి మంట ఒక్కసారిగా ఎగసిపడుతుంది. చలికాలంలో వేడినీళ్ళలో నిలబెట్టడం కూడా ఇలాంటిదే. రెండు రోజుల గ్యాస్ కోసం ఇంటిని పణంగా పెట్టడం పొదుపు కాదు. పొయ్యి గట్టు మీద, బండ కింద ఉండాలి. రెండూ నేల మీదే పెట్టి వండటం మంచిది కాదు.

కొత్త బండ తీసుకునేటప్పుడు సీలు చూడండి. పైన గుండ్రటి పట్టీని మోసే నిలువు పట్టీల్లో ఒకదానికి లోపలివైపు ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఎ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు వరకు. ‘బి-28’ అని ఉంటే 2028 జూన్ లోపల ఆ బండను తిరిగి పరీక్షించాలని అర్థం. గడువు దాటిన బండను తీసుకోవద్దు. బండ తెచ్చిన అబ్బాయిని తూకం వేసి చూపించమని అడగడం మీ హక్కు. ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది.

బండ మార్చేటప్పుడు ఇంట్లో ఏ నిప్పూ ఉండరాదు. ఊదు, అగరుబత్తి కూడా ఆర్పాలి. సీలు తీశాక వాల్వులో నల్లని రబ్బరు రింగు ఉందో లేదో చూడాలి. చాలా సార్లు గ్యాస్ కారేది ఆ రింగు వల్లే. రెగ్యులేటర్ తగిలించాక అతుకుల మీద సబ్బు నురగ రాసి చూడండి. బుడగలు వస్తే కారుతున్నట్టే. అగ్గిపుల్ల గీసి పరీక్షించేవారిని మేము కళ్ళారా చూశాము. అలా చేయకండి.

పొయ్యి శుభ్రత

మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుపచ్చగా మారి గిన్నె అడుగు మసి పట్టిందంటే గ్యాస్‌కు తగినంత గాలి కలవడం లేదన్నమాట. బర్నర్ రంధ్రాలు పూడి ఉండవచ్చు, గాలి పీల్చే గొట్టంలో సాలీడు గూడు కట్టి ఉండవచ్చు. అలాంటి మంట గ్యాస్ వృథా చేస్తుంది, గది మూసి ఉంటే విషవాయువునూ పుట్టిస్తుంది. వారానికొకసారి బర్నర్ మూతలు తీసి, గోరువెచ్చని సబ్బునీళ్ళలో బ్రష్‌తో కడిగి, బాగా ఆరాకే తిరిగి పెట్టండి. లోపలి జెట్‌ను సూదితో పొడవకండి. రంధ్రం పెద్దదైతే మంట అదుపు తప్పుతుంది. అది మెకానిక్ పని.

వెలిగించేటప్పుడు లైటర్ సిద్ధంగా పట్టుకొనే మర తిప్పాలి. రెండు మూడు క్షణాల్లో అంటుకోకపోతే మర కట్టేసి, కాస్త ఆగి మళ్ళీ ప్రయత్నించండి.

పండుగ వేళ

మన ఇళ్ళలో పండుగ అంటే పెద్ద డేక్షాలు. రెండు బర్నర్‌లనూ కప్పేసే డేక్షా చిన్న పొయ్యి మీద ఎక్కితే వేడి కిందికే కొట్టి మరలను, ట్యూబ్‌ను కాలుస్తుంది. బిర్యానీ దమ్‌కు కింద తవా పెట్టినప్పుడు కూడా మంట సన్నగానే ఉండాలి, మనిషి దగ్గరే ఉండాలి. ఇరవై మంది భోజనానికి ఇంటి పొయ్యి చాలదు. ఆరుబయట పెద్ద పొయ్యి పెట్టుకోవడం మేలు.

ఈద్ ఉదయం కొత్త బట్టలు తొడుక్కొని షీర్ ఖుర్మా కలుపుతారు ఆడపిల్లలు. జారే నైలాన్ దుపట్టా మంట తగిలిందంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. వంటగదిలో నూలు బట్టలే కట్టుకోండి, దుపట్టా నడుముకు బిగించండి. దుపట్టా కొంగుతో గిన్నెలు దించవద్దు.

ఆపద వస్తే

వాసన వస్తే: స్విచ్‌లు ముట్టవద్దు. మంటలన్నీ ఆర్పండి. రెగ్యులేటర్ కట్టేయండి. తలుపులు, కిటికీలు తెరవండి. అందరినీ బయటికి పంపండి. ఫోన్ చేయడం కూడా బయటికి వచ్చాకే. గ్యాస్ కారిపోతే చెప్పడానికి 1906 నంబరు 2016 నుంచి ఉంది. నిప్పు అంటుకుంటే 101.

బాణలిలో నూనె అంటుకుంటే నీళ్ళు పోయవద్దు, మంట ఇంకా ఎగస్తుంది. పొయ్యి కట్టేసి మూత పెట్టండి. మనిషి బట్టలు అంటుకుంటే పరుగెత్తనివ్వకండి. నేల మీద పడుకోబెట్టి దొర్లించండి, మందపాటి నూలు దుప్పటి కప్పండి. కాలిన చోట ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళు పారనివ్వండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయండి. టూత్‌పేస్ట్, సిరా, నెయ్యి, ఐసుగడ్డ వద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇది ఆడవారి పని మాత్రమేనా?

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చాక కట్టెపొయ్యి పొగలో కళ్ళు పోగొట్టుకున్న ఎన్నో పేద ఇళ్ళకు గ్యాస్ చేరింది. అల్‌హమ్దులిల్లాహ్. కాని చాలా ఇళ్ళలో దాని వాడకం చూపించింది ఒక్కరికి, ఒక్కసారి. అత్తగారిని చూసి కోడలు, కోడలిని చూసి ఆడపడుచు నేర్చుకున్నారు. మగవారు మాత్రం బండ మోసి లోపల పెట్టడంతో తమ బాధ్యత తీరిందనుకున్నారు. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో తమ కుటుంబానికి తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. ఆ సున్నత్‌ను ఎంతో ప్రేమించే మనం రెగ్యులేటర్ ఎటు తిప్పాలో తెలియకుండా ఉండటం సిగ్గుచేటు. ఈ మాట ముందుగా మాకు మేమే చెప్పుకుంటున్నాము.

కనుక ఈ జుమా నమాజు తర్వాత ఒక చిన్న పని చేయండి. అబ్బాజాన్ మొదలు హైస్కూలు పిల్లల దాకా ఇంట్లో అందరినీ బండ దగ్గరికి పిలవండి. ఒక్కొక్కరి చేత రెగ్యులేటర్ కట్టించండి, తిరిగి తిప్పించండి. తర్వాత కళ్ళు మూసుకొని కట్టమనండి, ఎందుకంటే ఆపద చీకట్లోనే రావచ్చు. పది నిమిషాల పని.

మా ఇంట్లో ఇప్పుడు రాత్రి ఆ మర కట్టేసే బాధ్యత మాది. అయినా అమ్మీ తస్బీహ్ చేతపట్టుకొని పడకగదిలోంచి రోజూ అడుగుతారు: “కట్టేశావా బేటా?” కట్టేశామని చెప్పి కూడా, మరోసారి వెళ్ళి చూసి వస్తాము. అల్లాహ్ మన ఇళ్ళను, ఇళ్ళలో ఉన్నవారిని నిప్పు బారి నుండి కాపాడుగాక. ఆమీన్.