ఇళ్లు కొలిచారు సరే.. కొట్టు లెక్క తెలుసా?

సివిల్ ఇంజినీరింగ్ చేసి మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో ఇళ్ల వాల్యుయేషన్ చేస్తున్నారా? హోంలోన్ ఫైలు రాగానే సైటుకు వెళ్లడం, టేపు పట్టడం, నాలుగు ఫొటోలు తీయడం, చుట్టుపక్కల సెంటు ఎంత పలుకుతోందో కనుక్కోవడం, బిల్డింగ్ వయసును బట్టి తరుగుదల తీసేయడం.. కొన్నాళ్లకు ఈ పని చేతికి అలవాటైపోతుంది. తర్వాతి మెట్టు కమర్షియల్. అక్కడ పోటీ తక్కువ అంటారు. ఎందుకు తక్కువో ముందే తెలుసుకుని వెళ్లండి.

ఇంటికి స్థలం ధర, కట్టడం ధర కలిపితే విలువ దాదాపు వచ్చేస్తుంది. దుకాణానికి అలా కుదరదు. కొనేవాడు గోడల్ని చూసి కొనడు, నెలనెలా వచ్చే అద్దెను చూసి కొంటాడు. ఒక కాంప్లెక్సుకు నెలకు 40,000 అద్దె అనుకుందాం. ఏడాదికి 4.80 లక్షలు. పన్నులు, రిపేర్లు, ఖాళీగా ఉండే నెలలు తీసేస్తే చేతికి 4 లక్షలు. అలాంటి ఆస్తికి 8 శాతం రాబడి చాలనుకుంటే విలువ 50 లక్షలు. 10 శాతం కావాలంటే 40 లక్షలే! ఎక్సెల్‌లో ఒక్క గడి మార్చినందుకు పది లక్షల తేడా. ఆ గడిలో 8 ఎందుకు వేశారని బ్యాంకు మేనేజర్ అడిగితే జవాబుండాలి. ఇటీవల అమ్ముడైన దుకాణాల అద్దెను, అమ్మిన ధరను పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ రేటు దొరుకుతుంది. బెంగళూరు ఆఫీసులకు యూట్యూబ్‌లో చెప్పే రేటు తెచ్చి పుంగనూరు బజారుకు అతికిస్తే కుదరదు.

అసలు చిక్కు అద్దె దగ్గరే. ఎక్కడ చూసినా 11 నెలల అగ్రిమెంట్లే. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికితే వాటి జాడ దొరకదు. దానికి తోడు అడ్వాన్సు. ఒక కొట్టుకు 15,000 అద్దె, 6 లక్షల అడ్వాన్సు. పక్క కొట్టుకు 19,000 అద్దె, లక్ష అడ్వాన్సు. ఏది ఎక్కువ? 8 శాతం వడ్డీ లెక్కన 6 లక్షల మీద నెలకు 4,000, లక్ష మీద దాదాపు 670 వస్తుంది. అంటే మొదటిది 19,000, రెండోది 19,670. దాదాపు ఒకటే! ఇక లోన్‌కు వచ్చిన ఓనరు అద్దె కాస్త పెంచి చెప్పడం మామూలే. షాపులో ఉన్నాయన్ని విడిగా అడగండి, బ్యాంకు స్టేట్‌మెంట్ చూడండి.

ఊరు మారితే చిక్కూ మారుతుంది. మదనపల్లెలో టమాటా మార్కెట్ చుట్టూ ఉన్న షెడ్లనే తీసుకోండి. సరుకు ముమ్మరంగా దిగే నెలల్లో రద్దీ చూసి ఏడాది మొత్తానికి అదే అద్దె వేస్తే మునిగినట్టే. కల్యాణ మండపం ఇంకా తిరకాసు. దానికి నెల అద్దె ఉండదు, ముహూర్తాలుంటాయి. ఆషాఢం, మూఢం వస్తే తాళమే. ఒక్క ఏడాది కాదు, కనీసం మూడేళ్ల బుకింగ్ పుస్తకం అడగాలి. అందులో వంటపాత్రలు, డెకరేషన్ మీద వచ్చే డబ్బు వేరు, హాలు మీద వచ్చేది వేరు. కుప్పంలో గ్రానైట్ యూనిట్ ఫైలు వచ్చిందనుకోండి, కోత మెషీన్లకు మీరు విలువ కట్టకండి. రిజిస్టర్డ్ వాల్యుయర్ల నిబంధనల్లో భూమి-భవనాలు ఒక తరగతి, ప్లాంటు-మెషినరీ మరో తరగతి.

ఆ నిబంధనలు వచ్చింది 2017లో, కంపెనీల చట్టం కింద. నియంత్రించేది ఐబీబీఐ. భూమి-భవనాల విభాగానికి సివిల్, ఆర్కిటెక్చర్ లేదా టౌన్ ప్లానింగ్ డిగ్రీ, ఆ తర్వాత ఐదేళ్ల అనుభవం ఉండాలి. పీజీ ఉంటే మూడేళ్లు చాలు. గుర్తింపున్న వాల్యుయర్ల సంస్థలో చేరి 50 గంటల కోర్సు చేసి, ఆన్‌లైన్ పరీక్షలో 60 శాతం తెచ్చుకోవాలి. ఇది ఉంటే బ్యాంకు ప్యానెల్‌లో చోటు ఖాయం అనుకోవద్దు. ప్యానెల్ షరతులు ఏ బ్యాంకువి ఆ బ్యాంకువే.

పరీక్ష పాసవడం కంటే సంతకం పెట్టడం కష్టం, నన్నడిగితే. లోన్ మొండిబకాయి అయితే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఆస్తిని వేలం వేస్తుంది. మీరు 50 అని రాసింది 35 దగ్గర ఆగిపోతే మిగతా బాకీకి ఓనరు ఇల్లు కూడా కదులుతుంది. మోసంలో పాలుందని తేలిన వాల్యుయర్ల పేర్లు బ్యాంకుల సంఘం హెచ్చరిక జాబితాకు ఎక్కుతాయి. 'కాస్త పెంచి రాయండి సార్' అనే ఫోన్ ఇళ్ల ఫైళ్లకూ వస్తుంది, నిజమే. ఇక్కడ ఆ 'కాస్త' లక్షల్లో ఉంటుంది.

ఇప్పుడున్న పని వదిలేయక్కర్లేదు. కింద దుకాణాలు, పైన కాపురం ఉండే బిల్డింగుల ఫైళ్లు సీనియర్‌ను అడిగి తీసుకోండి. ప్లాన్‌లో ఇల్లని ఉండి కింద షాపులు నడుస్తుంటే ఆ సంగతి రిపోర్టులో రాయడం మరవద్దు. ఫోన్‌లో ఒక షీటు తెరిచి వీధి, కొలత, అద్దె, అడ్వాన్సు ఎక్కిస్తూ పోండి. తాళం వేసిన కొట్టు కనిపిస్తే దాన్నీ రాయండి. ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో పక్క షాపాయన చెప్తాడు.