చివరి పది రోజులు: చదువు, మరపు, నిద్ర

మార్చి నెల వచ్చిందంటే మా నెల్లూరు తీరంలో రెండు పనులు ఒకేసారి ముమ్మరమవుతాయి. ఇసకపల్లి వైపు ఉప్పు మడుల్లో ఎండకు ఉప్పు తేలుతూ ఉంటుంది. ఊళ్ళలో పదో తరగతి పిల్లలున్న ఇళ్ళలో అర్ధరాత్రి దాటినా దీపాలు వెలుగుతూ ఉంటాయి. ఈ రెండు పనులకూ ఒక పోలిక ఉంది. అదేమిటో తరువాత చూద్దాం.

ముందు ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక పట్టపుపాలెం నుంచి వచ్చే కుర్రవాడు నా దగ్గర పదో తరగతి చదివాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాకా వచ్చినవాడు అతనొక్కడే. కటకాల కిరణ చిత్రాలు కళ్ళు మూసుకుని గీసేవాడు. భౌతికశాస్త్రం పరీక్ష ముందురోజు సాయంత్రం నా దగ్గరకు వస్తే, "పుస్తకమంతా ఇంకోసారి తిరగెయ్యి" అని చెప్పి పంపాను. వాడు నా మాట విని తెల్లవారేదాకా చదివాడు. పరీక్ష అయ్యాక బయటికి వచ్చి, "సార్, పేజీ కనబడింది గానీ అందులో అక్షరాలు కనబడలేదు" అన్నాడు. ఆ పేపరు రెండు మార్కులతో తప్పాడు.

కష్టపడి చదివిన పిల్లవాడికి ఇలా ఎందుకు జరిగింది? తప్పు వాడిది కాదు, నేనిచ్చిన సలహాది. జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ సలహా ఇచ్చి ఉండేవాణ్ణి కాదు.

మరపును కొలిచిన మనిషి

మరపును మొట్టమొదట లెక్కగట్టినవాడు జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. ఆయన తన మీద తానే ప్రయోగం చేసుకున్నాడు. అర్థంలేని చిన్న చిన్న అక్షరాల గుంపులను వందల కొద్దీ తయారుచేసుకుని, తప్పు లేకుండా అప్పజెప్పేదాకా వల్లె వేసేవాడు. కొంతకాలం ఆగి వాటినే మళ్ళీ నేర్చుకునేవాడు. మొదటిసారి పట్టిన శ్రమలో రెండోసారి ఎంత ఆదా అయిందో లెక్క వేసేవాడు. ఆ ఫలితాలను 1885లో పుస్తకంగా ప్రకటించాడు.

ఇరవై నిమిషాల తరువాత ఆదా సుమారు 58 శాతం. గంట తరువాత 44 శాతం. ఒక రోజు తరువాత 34 శాతం. నెల తరువాత 21 శాతం. ఈ అంకెలతో మీరే గ్రాఫు గీసి చూడండి. గీత మొదట నిట్టనిలువుగా దిగి, తరువాత మెల్లగా సాగుతుంది.

దీని నుంచి రెండు విషయాలు గ్రహించవచ్చు. మరపులో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జరిగిపోతుంది. నెల గడిచినా జ్ఞాపకం పూర్తిగా చెరిగిపోదు, మళ్ళీ నేర్చుకోవడం మొదటిసారి కంటే సులువే. అర్థమున్న పాఠాన్ని మనం ఇంత త్వరగా మరచిపోము. కాబట్టి జూన్‌లో విన్న పాఠం ఇప్పుడు గుర్తులేదని బెంగపడకండి. దాని ఆనవాళ్ళు మీలో ఉన్నాయి.

చదవడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు

అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒక్కసారే చదివి, తరువాత పుస్తకం మూసి, గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవారిదే పైచేయి: వారు 81 శాతం రాస్తే, రెండో రకం వారు 75 శాతం రాశారు. వారం తరువాత లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివినవారికి 42 శాతం మిగిలితే, చూడకుండా రాసినవారికి 56 శాతం మిగిలింది.

ఎందుకిలా? పాఠాన్ని మళ్ళీ చదువుతుంటే "ఇది నాకు తెలిసిందే" అనిపిస్తుంది. అది పరిచయం మాత్రమే. రోజూ దారిలో కనిపించే మనిషి ముఖం తెలిసి పేరు తెలియనట్టు అన్నమాట. పరీక్షలో అడిగేది పేరు. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ ఆ జ్ఞాపకానికి దారి గట్టిపడుతుంది.

ఇంకో లాభం కూడా ఉంది. మైపాడు తీరంలో మత్స్యకారులు వేట నుంచి రాగానే వలను ఇసుక మీద పరచి చూస్తారు. బాగున్నచోట వారికి పని లేదు. చిరిగినచోటు వెతికి అక్కడే అల్లుతారు. చూడకుండా రాసినప్పుడు మీ చదువులో చిరుగులు ఎక్కడున్నాయో బయటపడతాయి. మిగిలిన కాస్త సమయాన్ని అక్కడే ఖర్చు పెట్టవచ్చు.

అవధాని చేసే పని

ఈ కిటుకు మన తెలుగువారికి కొత్తది కాదు. మీలో కొందరు అష్టావధానం చూసే ఉంటారు. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. అవధాని ఒకరికి పద్యంలో ఒక పాదం చెప్పి, రెండోవారి దగ్గరకు, మూడోవారి దగ్గరకు వెళతాడు. ఒక చుట్టు పూర్తయ్యాక మొదటివారి దగ్గరకు వచ్చి రెండో పాదం చెబుతాడు. మధ్యలో ఒకరు అసందర్భపు ప్రశ్నలతో దృష్టి మళ్ళిస్తూనే ఉంటారు. చివరలో పద్యాలన్నీ వరసగా అప్పజెబుతాడు. దానినే ధారణ అంటారు. తిరుపతి వెంకట కవులుగా పేరొందిన దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రి ఈ విద్యలో ఆంధ్రదేశమంతటా కీర్తి పొందారు.

అవధాని ప్రజ్ఞ మనకు రాకపోవచ్చు. కాని ఆయన పద్ధతిని గమనించండి. ఒక విషయాన్ని వదిలి వేరే పనిలో పడి, కొంత వ్యవధి తరువాత తిరిగివచ్చి గుర్తు తెచ్చుకుంటున్నాడు. ఆరుగంటలు ఏకబిగిన గణితం, మర్నాడు ఆరుగంటలు సాంఘికం అని కాకుండా, రోజూ రెండు మూడు సబ్జెక్టులను చుట్లు చుట్లుగా తిప్పితే అదే మేలు మనకూ కలుగుతుంది.

చిన్న మూటలు కట్టడం కూడా మన పెద్దలు నేర్పిందే. ఎనిమిది గణాల గురులఘువులు విడివిడిగా గుర్తుంచుకోవడం కష్టం. "యమాతారాజభానసలగం" అన్న ఒక్క సూత్రంలో అవన్నీ ఇమిడిపోయాయి. ఇంద్రధనుస్సు రంగులకు విబ్‌జియార్ కూడా ఇలాంటిదే.

ఉప్పు మడి, నిద్ర

కొత్త జ్ఞాపకాలు నిలవాలంటే మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం అవసరం. సముద్రపు గుర్రం ఆకారంలో ఉంటుంది గనుక దానికాపేరు వచ్చింది. 1953లో హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు మూర్ఛవ్యాధి తగ్గించడానికి శస్త్రచికిత్స చేసి, రెండువైపులా ఈ భాగంలో చాలామేరకు తీసివేశారు. ఆ తరువాత అతనికి చిన్ననాటి సంగతులు గుర్తున్నాయి గాని, కొత్త సంగతి ఏదీ నిలవలేదు. అప్పుడే మాట్లాడి వెళ్ళిన మనిషి తిరిగి వస్తే కొత్తవారనుకునేవాడు.

పగలు మనం చదివినదానిని హిప్పోకాంపస్ పట్టి ఉంచుతుంది. నిద్రలో, ముఖ్యంగా గాఢనిద్రలో, అది మళ్ళీ మళ్ళీ మెదిలి మెదడు పైపొరలో కుదురుకుంటుంది. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు ఇద్దరు విద్యార్థులతో ప్రయోగం చేశారు. నేర్చుకున్నాక ఎనిమిది గంటలు నిద్రపోతే సగానికి పైగా గుర్తున్నది. అంతే సేపు మేలుకుని ఉంటే దాదాపు పదోవంతే మిగిలింది.

ఇక ఉప్పు మడుల సంగతికి వద్దాం. మడిలోకి ఉప్పునీరు పెట్టినంత మాత్రాన ఉప్పు చేతికి రాదు. ఎండకు నీరు ఇంకాలి, గళ్ళు కట్టాలి. తొందరపడి నీటిమీద నీరు పెడుతూ పోతే మడి నిండుతుందే గాని ఉప్పు తేలదు. చదువు నీరు పెట్టడం లాంటిది. నిద్ర ఎండ లాంటిది. ఆ కుర్రవాడు రాత్రంతా నీరు పెట్టాడు గాని, ఎండ తగలనివ్వలేదు. పైగా నిద్ర లేని మెదడుకు, ఉన్న జ్ఞాపకాన్ని బయటికి తీయడం కూడా కష్టమే.

పది రోజుల పని

1. ప్రతి పాఠానికి ఒక తెల్లకాగితం తీసుకోండి. పుస్తకం మూసి గుర్తున్న సూత్రాలు, నిర్వచనాలు, బొమ్మలు వేయండి. తరువాత పుస్తకంతో సరిచూసి, తప్పినవి ఎర్రసిరాతో రాయండి. మర్నాడు చదవవలసింది ఆ ఎర్రసిరానే.

2. అదే కాగితాన్ని మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఇంకోసారి చూడకుండా రాయండి. మూడోసారికి ఎర్రసిరా ఎంత తగ్గిందో మీకే తెలుస్తుంది.

3. గుండె నిర్మాణం, కిరణ చిత్రాలు, భారతదేశ పటం లాంటివి చూసి ఊరుకోవద్దు. గీసి భాగాలు గుర్తించండి.

4. పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకుని పూర్తిగా రాయండి. చేతికి కూడా సాధన కావాలి.

5. ఇంతవరకు తెరవని పాఠాలన్నిటినీ చివరి మూడు రోజుల్లో మొదలుపెట్టవద్దు. సగం వచ్చినవాటిని పూర్తిగా వచ్చేట్టు చేసుకోవడం లాభం.

6. రోజూ ఎనిమిది గంటల నిద్ర తప్పనిసరి. సాయంత్రం తాగిన టీ ప్రభావం చాలా గంటలు ఉంటుంది, కాబట్టి పొద్దుగుంకాక టీ, కాఫీలు మానండి. సెల్‌ఫోను వేరే గదిలో ఉంచండి.

7. ముందురోజు రాత్రి ఎర్రసిరా కాగితాలు ఒకసారి చూసుకుని, హాల్‌టికెట్టు, పెన్నులు సర్దుకుని పడుకోండి. పరీక్షకు ముందు అరగంట వాటినే తిరగేయవచ్చు. అయిదు నిమిషాల తరువాతి ఫలితం మీకు గుర్తుంది కదా, అలాంటి చూపు కొద్దిసేపటికి పనికివస్తుంది.

పరీక్ష హాల్లో

ప్రశ్నపత్రం చదువుకోవడానికి పదిహేను నిమిషాలు ఇస్తారు. బాగా వచ్చిన ప్రశ్నలు గుర్తుపెట్టుకుని వాటితోనే మొదలుపెట్టండి. గుండె దడదడలాడితే భయపడకండి. అది ఎడ్రినలిన్ అనే హార్మోను పని, అందరికీ జరిగేదే. నెమ్మదిగా, నిండుగా ఊపిరి తీసి, అంతకంటే నెమ్మదిగా వదలండి. పదిసార్లు చేస్తే దడ తగ్గుతుంది. దిగులు మరీ ఎక్కువగా ఉండేవారు పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాస్తే మార్కులు మెరుగుపడ్డాయని రమిరెజ్, బైలాక్ అనే పరిశోధకులు 2011లో చూపారు. ఏదైనా జవాబు తట్టకపోతే చోటు వదిలి ముందుకు సాగండి. వేరే ప్రశ్న రాస్తుండగా అది తనంతట తానే రావచ్చు.

మార్చి ఎండ తీవ్రమైనది. మంచినీళ్ళు తాగండి, ఏదైనా తినకుండా బయలుదేరవద్దు. శరీరం బరువులో మెదడు రెండు శాతమే అయినా, మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో అయిదోవంతు అదే తీసుకుంటుంది.

ఆ పట్టపుపాలెం కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాను. వాడు బడి మానేసి పడవ ఎక్కుతానన్నాడు. వాళ్ళ అమ్మ ఒప్పుకోలేదు. సప్లిమెంటరీ పరీక్షకు కట్టించింది. ఈసారి ముందురోజు సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళి పుస్తకాలు నా సంచిలో వేసుకుని వచ్చాను. "పడుకో నాయనా, రేపు హాలు దగ్గర ఇస్తాను" అన్నాను. వాడు నన్ను అనుమానంగా చూశాడు గాని, పడుకున్నాడు. పేపరు గట్టెక్కాడు.

ఒక పరీక్ష తప్పితే జీవితం తప్పదు. కాని చదివిన పాఠం చేతిలో ఉండి కూడా తప్పనవసరం లేదు. పిల్లలూ, ఈ రాత్రి దీపం కాస్త ముందుగా ఆర్పండి.